సరిహద్దులో ఉన్న అన్నయ్య పెళ్లికి రాలేకపోతే ఫొటో పెట్టొద్దు, పని అప్పజెప్పండి

తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య ఆర్మీలో నాయక్, ఉత్తరాన ఎక్కడో పోస్టులో ఉన్నాడు, నీ పెళ్లికి ఇంకా 22 రోజులుంది, శాంక్షనైన లీవ్ ఆగిపోయింది. అమ్మ ముహూర్తం మార్చమని ఏడుస్తోంది, నాన్న కుదరదంటున్నారు, వదిన నోరు విప్పడం లేదు. నువ్వేమో ఇంటర్నెట్‌లో ఎక్కడో చూసి, మండపం పక్కన అన్నయ్య పేరున ఖాళీ కుర్చీ వేసి, యూనిఫాం ఫొటో పెట్టి, ముందు దీపం వెలిగిస్తే గౌరవంగా ఉంటుందా అని అడిగావు.

నేను 24 ఏళ్లు ఫౌజులో చేసి, 2019లో హవల్దారుగా ఇంటికొచ్చాను. మా సొంత చెల్లి పెళ్లికి నేను లేను. ఆ తర్వాత మా వైపు ఇలాంటి పెళ్లిళ్లు చాలా దగ్గర్నుంచి చూశాను, కొన్నింట్లో రాలేకపోయిన కుర్రాడి తరఫున నేనే నిలబడ్డాను. అందుకని సూటిగా చెబుతాను. ఆ కుర్చీ, ఫొటో, దీపం వద్దమ్మా. దయచేసి వద్దు.

ఎందుకో చెప్పాలంటే మా ఇంట్లో జరిగింది చెప్పాలి. పార్లమెంటు మీద 2001 డిసెంబరు 13న దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యాన్ని బోర్డరుకి తరలించారు. మా యూనిట్ రాజస్థాన్ ఇసుకలో దిగింది. చెల్లి పెళ్లి 2002 మే నెలాఖరుకి కుదిరింది. పది రోజులైనా దొరక్కపోతుందా అని ఆశ పెట్టుకున్నాను. మే 14న జమ్మూ దగ్గర కాలూచక్‌లో ఫౌజీల కుటుంబాలుండే క్వార్టర్ల మీద దాడి జరిగింది, ఆ తర్వాత మా దగ్గర లీవ్ అన్న మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇంటి దగ్గర మా నాన్న స్నేహితుడొకాయన, మంచి మనసుతోనే, నా పాత ఫొటో ఒకటి పెద్దది చేయించి ఫ్రేము కట్టించి, మండపం పక్కన కుర్చీలో నిలబెట్టి, దానికి బంతిపూల దండ వేశాడు. పెళ్లికొడుక్కి వేస్తాం కదా, అలాగే అనుకున్నాడు పాపం. చెల్లిని గంపలో కూర్చోబెట్టి తెస్తుండగా మా నాయనమ్మ అటు చూసింది. ఆవిడకి అప్పటికే చూపు ఆనదు, మొహం గుర్తుపట్టిందో లేదో గానీ దండ మాత్రం కనిపించింది. నా మనవడికి ఏమైందిరా, పెళ్లి ఆగిపోతుందని నా దగ్గర దాచారా అంటూ అక్కడే కూలబడిపోయింది. సన్నాయి ఆగిపోయింది. మా అమ్మ పరుగున వెళ్లి ఆ దండ తెంపేసి, ఫొటోని కొంగులో చుట్టుకుని లోపల గదిలోకి పట్టుకుపోయిందట. ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టించారు గానీ ఆ తర్వాత అమ్మ మొహంలో నవ్వు లేదని చెల్లి చెప్పింది.

ఇవన్నీ నాకు ఎవరూ ఉత్తరంలో రాయలేదు. తర్వాత లీవ్‌లో వెళ్లి ఆల్బం తిప్పుతుంటే ఒక ఫొటో మూలన నా మొహం కనిపించింది, మెడలో దండతో. చెల్లి గబుక్కున పేజీ తిప్పేసింది. బతికున్నవాడు చూసుకోవలసిన ఫొటో కాదమ్మా అది.

మన ఇళ్లలో గోడ మీద దండ ఉన్న ఫొటో ఎవరిదో మూడేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. దండ లేకుండా ఫొటో ముందు దీపం పెట్టినా, కుర్చీ ఖాళీగా ఉంచినా, చూసేవాళ్ల మనసు అక్కడికే పోతుంది. నువ్వు చూసిన పద్ధతి అమెరికా వాళ్లది అయుంటుంది. కానీ అక్కడ కూడా సైన్యంలో ఖాళీ కుర్చీతో బల్ల వేసేది తప్పిపోయినవాళ్ల కోసం, తిరిగి రానివాళ్ల కోసం. మీ అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు, అంతే. వచ్చే లీవ్‌కి ఇంటికొచ్చి నీ చేతి కాఫీ తాగుతాడు. ఆయన్ని తలుచుకుని ఏడిచే ఏర్పాటు కాకుండా, పెళ్లిలో ఆయన చేయాల్సిన పని ఆయన చేతే చేయించే ఏర్పాటు చెయ్యి. దూరం నుంచి చేయగలిగినవి నువ్వు అనుకుంటున్నదానికంటే చాలా ఉన్నాయి.

ముందు లీవ్ సంగతి. ముహూర్తం మార్చాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి, ఇంట్లో కూర్చుని మీలో మీరు వాదించుకోవద్దు. నాకు తెలిసినంతలో నూటికి తొంభై మంది ఫౌజీలు మార్చొద్దనే అంటారు, ఎందుకంటే ఇంకో డేట్ పెట్టినా ఆ రోజుకి లీవ్ గ్యారంటీ లేదని వాళ్లకి తెలుసు. జవానుకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటుంది, అగ్నివీర్ అయితే ఏడాదికి 30 రోజులే. కాగితం మీద ఉన్నంత మాత్రాన మనం అనుకున్న తేదీకి రావు. పరిస్థితి బిగిస్తే శాంక్షనైంది కూడా ఆగుతుంది, ఇంటికొచ్చినవాణ్ని కూడా పిలుస్తారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు పెళ్లి చేసుకోవడానికి వచ్చినవాళ్లే పసుపు బట్టలతో రైలెక్కారు. యూనిట్‌కి పెద్ద ఆఫీసరైన సీవో సాబ్ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, ఆయన కూడా పోస్టులో మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి కదా.

ఇంకో మాట, మీ బంధువుల్లో ఎవరో ఒకరు ఈపాటికే అనుంటారు, అమ్మకి సీరియస్ అని చెప్పి పిలిపించేయండి అని. ఆ పని మాత్రం చేయకండి. 2013 జులైలో టెలిగ్రాములు ఆపేసేదాకా, మదర్ సీరియస్ అని అబద్ధపు టెలిగ్రాములు కొడుతూనే ఉండేవాళ్లు. అలాంటి టెలిగ్రాము వచ్చినప్పుడు కుర్రాడి మొహం ఎలా ఉంటుందో నేను పక్కన కూర్చుని చూశాను, అన్నం ముందు పెట్టుకుని ముద్ద ఎత్తలేకపోయాడు. అబద్ధమని తేలాక మీ అన్నయ్య మాటకి యూనిట్లో విలువ పోతుంది. రేపు నిజంగా ఏదైనా జరిగితే నమ్మడానికి వెనకాడతారు.

ఇప్పుడు అసలు చేయాల్సినవి. నీకు 22 రోజులుంది కాబట్టి పోస్టాఫీసు పనితో మొదలుపెట్టు. మొదటి శుభలేఖ దేవుడి దగ్గర పెడతాం, రెండోది అన్నయ్యకి. నాలుగు మూలలా పసుపు రాసి, పక్కన ఒక చిన్న కవర్లో గుప్పెడు బియ్యం పసుపు కలిపి పెట్టు. అన్నయ్య నీకు పెద్దవాడు, అక్షింతలు వేసి దీవించాల్సినవాడు. ఆ బియ్యం చేత్తో పట్టుకుని నిన్ను తలుచుకుని, సగం అక్కడే ఉంచుకుని సగం తిరిగి పంపమను. యూనిట్లో గుడి ఉంటుంది, పండిట్‌జీ ఉంటాడు, కావాలంటే అక్కడ పూజలో పెట్టిస్తాడు. పోస్టు టైముకి తిరిగి రాదనిపిస్తే, వాళ్ల యూనిట్ నుంచి లీవ్ మీద మన వైపు వచ్చే కుర్రాడు ఎవరైనా ఉన్నాడేమో అడగమను, ఫౌజులో అసలు పోస్టాఫీసు అదే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్లలో ఇంటికొకరు చొప్పున ఫౌజులో ఉంటారు, అక్కడ పెళ్లి సామాన్ల నుంచి పచ్చళ్ల దాకా ఇలా మనుషుల చేతుల మీదే వెళ్తాయి. ఆ అక్షింతలు పెళ్లినాటికి చేరితే మీ నాన్న చేత తలంబ్రాల్లో కలిపించు. చేరకపోతే బాధపడకు, ఎప్పుడు వస్తే అప్పుడు మీ ఇద్దరూ తల వంచి అమ్మ చేత వేయించుకోండి.

పెళ్లి రోజు అన్నదమ్ముల చేతి మీద జరగాల్సిన పనులు కొన్ని ఉంటాయి. లాజహోమం ఉన్న ఇళ్లలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోసేది అన్నో తమ్ముడో. కాశీయాత్ర ఉంటే పెళ్లికొడుకుని బతిమాలి వెనక్కి తెచ్చేది బావమరిది. అప్పగింతలప్పుడు చెల్లి చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించేది వాడే. మీ ఇంటి పద్ధతిలో ఏవేవి ఉన్నాయో పంతులుగారిని అడిగి రాసుకో, ఆ కాగితం ముందు పెట్టుకుని అన్నయ్యకి ఫోన్ చేసి, ఏ పనికి ఎవరిని నిలబెట్టాలో ఆయన్నే చెప్పమను. మీ బాబాయి కొడుకుని నిలబెట్టాలని మీకు ముందే తెలిసినా సరే, చెప్పేది ఆయనే అవ్వాలి. ఆ బాబాయి కొడుక్కి కూడా ఆయనే ఫోన్ చేసి, తమ్ముడూ నా బదులు పేలాలు నువ్వు పొయ్యరా అనాలి. పెళ్లిళ్లలో నేను నిలబడ్డ రెండుసార్లూ ఆ కుర్రాళ్లే నాకు ఫోన్ చేశారు, ఒకడైతే అన్నా, పేలాలు గట్టిగా పొయ్యొద్దు, మా చెల్లి చెయ్యి చిన్నది, కింద పడిపోతాయి అన్నాడు. ఆ మాట నేను పెళ్లికూతురికి పీటల మీదే చెప్పాను. పొగలో కళ్లు మండుతున్నాయో ఏడుస్తోందో తెలియలేదు గానీ నవ్వింది.

మీ అన్నయ్యకి మూడేళ్ల బాబు ఉన్నాడని రాశావు కదా. బాబాయి కొడుకు వాణ్ని ఎత్తుకుని నిలబడితే, వాడి చేత్తో నాలుగు పేలాలు నీ దోసిట్లో వేయించొచ్చు. నీ మేనల్లుడు, తండ్రి చేతికి బదులు వాడి చెయ్యి, అంతకంటే ఏం కావాలి. వాడికి మిలిటరీ డ్రెస్సు కుట్టించి తేవాలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకు. పంచె కట్టండి చాలు, వాడు వాడిలాగే ఉండాలి.

వదిన గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నీ ప్రశ్నలో ఆవిడ గురించి ఒక్క ముక్కే ఉంది. రాలేకపోయిన ఫౌజీ గురించి అందరూ మాట్లాడతారు, ఆయన భార్య మాత్రం ఆ పెళ్లిలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒంటరిగా తిరుగుతూ, ఎదురుపడ్డ ప్రతివాళ్లకీ సమాధానం చెబుతుంటుంది. మీ ఆయన రాలేదా, చెల్లెలి పెళ్లికి కూడా రాకపోతే ఎలా, నువ్వైనా గట్టిగా చెప్పలేకపోయావా. ఈ మాటలు వందసార్లు వింటుంది. దానికి తోడు దంపతులు కూర్చునే తంతు వచ్చినప్పుడు ఆవిణ్ని పక్కకి జరిపేసి చిన్న మరదల్ని, మొగుణ్ని కూర్చోబెడతారు, ఎవరికీ తప్పుగా అనిపించదు కూడా. మా ఆవిడ ఇవన్నీ పడింది, పదేళ్ల తర్వాత ఒకరోజు మాటల్లో చెబితే గానీ నాకు తెలియలేదు. కాబట్టి నువ్వు ముందే మీ అమ్మతో మాట్లాడు. పసుపు కొట్టడం దగ్గర మొదటి రోకటి పోటు వదినది. నిన్ను పెళ్లికూతుర్ని చేసేటప్పుడు మొదటి నలుగు ఆవిడ చేత పెట్టించు. దంపతులే కూర్చోవాలన్న చోట పంతులుగారిని అడిగి చూడు, చాలామంది ఒప్పుకుని సంకల్పంలో అన్నయ్య పేరు చెప్పించి జరిపిస్తారు. చీర కూడా అన్నయ్య పేరు మీద, అన్నయ్యనే రంగు అడిగి కొను. ఒక మేనత్తనో పిన్నినో పెట్టి, ఎవరైనా ఆ ప్రశ్న వేస్తుంటే మాట మార్చే పని ఆవిడకి అప్పజెప్పు. చిన్న విషయంలా కనిపిస్తుంది, పెళ్లిలో అన్నయ్యకి నువ్వు చేయగలిగిన అతి పెద్ద మర్యాద ఇదే అని నా నమ్మకం. అక్కడ పోస్టులో కూర్చుని ఆయన ఆలోచించేది పెళ్లాం, పిల్లాడు అందరి మధ్యా ఎలా ఉన్నారో అని.

పెళ్లికొడుకు వైపు నుంచి బావమరిదికి బట్టలు పెడతారు కదా, అన్నయ్య లేడని వదిలేయకుండా ఆ జత కొనమని చెప్పండి. పళ్లెంలో పెట్టి తాంబూలంతో మీ నాన్న చేతికి ఇవ్వాలి, అది బీరువాలో ఉండాలి, అన్నయ్య వచ్చిన రోజు మీ ఆయన వచ్చి స్వయంగా పెట్టాలి. అలాగే ఒక తంతు ఆయన కోసం మిగల్చండి. సంక్రాంతికి కొత్త అల్లుణ్ని పిలవడానికి వెళ్లేది బావమరిదే, అప్పటికి లీవ్ ప్లాన్ చేసుకోమని ఇప్పుడే చెప్పు. అప్పటికి కాకపోతే ఆ తర్వాతి పండగకి. తెలంగాణ వైపు అయితే పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం ఆయన వచ్చాకే పోయించుకోవచ్చు.

వీడియో కాల్ సంగతి. మండపంలో ఎల్ఈడీ తెర మీద అన్నయ్యని లైవ్‌లో చూపించాలని ఈవెంట్ వాళ్లు ఉత్సాహపడతారు. నేనైతే ఒప్పుకోను. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి ఉంటుంది, అక్కడ సిగ్నల్ ఉండొచ్చు ఉండకపోవచ్చు, కలవకపోతే పీటల మీద నువ్వు, కింద మీ అమ్మ తెర వంకే చూస్తూ కూర్చుంటారు. కలిస్తే ఇంకా కష్టం, ఐదువందల మంది ముందు ఆయన కళ్లు తుడుచుకుంటుంటే పది ఫోన్లు రికార్డు చేస్తాయి, వెనక కనిపించేది బంకరో కొండో, పది నిమిషాల్లో స్టేటస్‌లకి ఎక్కుతుంది. దానికి బదులు ముందు రోజు మధ్యాహ్నం, మీ నలుగురూ ఒక గదిలో తలుపేసుకుని మాట్లాడండి. ఇప్పుడే ఒక వాయిస్ మెసేజ్ కూడా పంపించమను, ఒక నిమిషం చాలు, నీ ఒక్కదానికే. పీటల మీదికి వెళ్లే ముందు విను. మీ అన్నయ్య నేవీలో ఉండుంటే, ఓడ విశాఖ దాటాక రోజుల తరబడి ఫోనే ఉండదు, వాళ్ల ఇళ్లలో ఈ మెసేజ్ ముందే తీసి పెట్టుకోవడం అలవాటు.

ఫ్లెక్సీ మీద, శుభలేఖ మీద, యూట్యూబ్ లైవ్‌లో అన్నయ్య యూనిట్ పేరు, పోస్టు ఉన్న చోటు, నంబరు, ఎప్పుడు లీవ్‌కి వస్తాడన్నది ఏవీ రాకూడదు. తుపాకీ పట్టుకున్న ఫొటో అసలు వద్దు. 2020 జులైలో ఆర్మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమంది, ఊరికే అనలేదు. ఆయన జాగ్రత్తగా ఉంటే ఇంట్లోవాళ్ల పోస్టుల వల్ల బయటపడకూడదు కదా. శుభలేఖలో ఆహ్వానించేవాళ్లలో ఆయన పేరు, వదిన పేరు మామూలుగా వేయండి. మైకు పట్టుకునే అతనికి ఒక వాక్యం రాసివ్వండి, పెళ్లికూతురి అన్నయ్య దేశ సేవలో ఉన్నారు, వారి ఆశీస్సులు వధూవరులకు అందాయి, అంతవరకే. ఆర్కెస్ట్రా వాళ్ల చేత అమరుల పాటలు పాడించొద్దు. జాతీయ జెండాని కుర్చీలకి, మండపానికి అలంకారంగా కట్టొద్దు, జెండా నియమావళి ప్రకారం అది తప్పు. మీ ఊళ్లో రిటైరైన ఫౌజీలు ఉంటే ముందు వరుసలో కూర్చోబెట్టి నాన్న చేత తాంబూలం ఇప్పించండి, వాళ్లకి విషయం చెప్పక్కర్లేదు, అర్థమవుతుంది.

పెళ్లయ్యాక పార్సిల్ పంపాలి. సున్నుండలు, అరిసెలు అయితే దారిలో పాడవవు. ఆయనొక్కడికే సరిపడా పంపకు, సెక్షన్ మొత్తానికి, అంటే ఆయనతో కలిసి ఉండే కుర్రాళ్లందరికీ పంపు, అక్కడ ఎవరూ ఒంటరిగా తినరు. పన్నెండు ఫొటోలు ప్రింటు తీయించు. ఫోన్లో ఎన్ని పంపినా ప్రింటు వేరు, జేబులో ఉంటుంది.

దాంతో పాటు ఒక ఉత్తరం, నీ చేత్తో రాసింది. మా చెల్లి నాకు నాలుగు పేజీలు రాసింది. వంటవాళ్లు పప్పులో ఉప్పు మర్చిపోవడం, బావగారి బాసికం జారిపోతుంటే పంతులుగారు విసుక్కోవడం, అమ్మ ఏ చీర కట్టుకుంది, బస్సు ఎన్నింటికి బయల్దేరింది, అన్నీ. జూన్‌లో చేరింది నాకు. బండి కింద నీడలో పడుకుని విప్పితే మడతలోంచి పసుపు బియ్యపు గింజలు నా గుండెల మీద పడ్డాయి, కాగితం ఆ మడత దగ్గర పసుపుపచ్చగా మారిపోయుంది. ఇవి నీ వంతు తలంబ్రాలు అన్నయ్యా అని చివర్లో రాసింది. ఆ గింజలు ఏరుకుని నా జీతం లెక్కలుండే పేబుక్ కవర్లో పెట్టుకున్నాను, పదిహేడేళ్లు నాతోనే పోస్టింగులు తిరిగాయి. దండ వేసిన ఫొటో సంగతి తెలిసినప్పుడు కూడా నాకు ఆ పెళ్లి మీద బాధ మిగల్లేదంటే ఆ ఉత్తరం వల్లే.

కాబట్టి రేపే పోస్టాఫీసుకి వెళ్లు. స్పీడ్ పోస్ట్ చెయ్యి, ప్రైవేటు కొరియర్లు అక్కడికి చేర్చవు. అడ్రసు ఆయన ఇచ్చింది ఇచ్చినట్టు రాయాలి, నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు అన్నమాట), కింద 9తో మొదలయ్యే పిన్‌కోడ్. ఊరి పేరు రాయకు. కౌంటర్లో అబ్బాయి ఊరు ఏదని అడిగితే పిన్ చూసుకోమను, సరిపోతుంది. బియ్యం కవరుని రెండు మడతలు పెట్టి టేపు అంటించు, లేకపోతే దారిలో పసుపంతా శుభలేఖకి అంటుకుంటుంది. అంటుకున్నా పర్వాలేదనుకో.